జిప్సీ, జిమ్నీ, థార్, గూర్ఖా: మీ దారికి ఏ బండి సరిపోతుంది?

షోరూమ్ మెట్లెక్కే ముందే ఒక ప్రశ్నకు జవాబు తేల్చుకోవాలి: మీ బండి ఎక్కడ దిగబడబోతోంది? తొలకరి పడ్డాక నల్లరేగడి డొంకలో దిగబడే బండి వేరు. ఏజెన్సీ వాగులో బండరాయి ఎక్కి, ఒక చక్రం గాల్లో తిరుగుతూ ఆగిపోయే బండి వేరు. సముద్రం ఒడ్డున ఇరుసుదాకా ఇసుకలో కూరుకుపోయే బండి వేరు. రేగడిలో దెబ్బకొట్టేది బరువు. రాళ్ళ మీద దెబ్బకొట్టేది డిఫరెన్షియల్ లాక్, అంటే ఒక ఇరుసు మీది రెండు చక్రాలనూ కలిపి తిప్పే ఏర్పాటు, లేకపోవడం. ఇసుకలో మాత్రం చాలాసార్లు తప్పు బండిది కాదు, టైర్లలో గాలి తగ్గించకుండా దిగినవాళ్ళది.

ఇక్కడ పోల్చేవి నాలుగు: సెకండ్ హ్యాండ్‌లో మారుతి జిప్సీ, కొత్తవాటిలో మారుతి జిమ్నీ, మహీంద్రా థార్, ఫోర్స్ గూర్ఖా. ఫార్చ్యూనర్, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ కూడా గట్టి బళ్ళే. కానీ వాటి పొడవు, ధర, అవసరం వేరు. వాటిని ఈ నాలుగింటి పక్కన పెడితే పోలిక కుదరదు.

ఆకారం చూసి మోసపోవద్దు

మన ఊళ్ళలో జీపు అంటే బ్రాండు పేరు కాదు, ఆకారం పేరు. తహసీల్దారు జీపు, పోలీసు జీపు, మైకు కట్టిన ఎన్నికల జీపు, బొర్రా దగ్గర కటికి జలపాతానికి జనాన్ని ఎక్కించుకెళ్ళే జీపు, అన్నీ ఆ వంశానివే. 1945లో లూథియానాలో మొదలైన మహీంద్రా సంస్థ, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించేది. తర్వాత లైసెన్సు మీద వాళ్ళ సీజే3బీ జీపును ఇక్కడే తయారుచేసింది. ఆ దారిలోనే ఎమ్ఎమ్540, కమాండర్, మేజర్, చివరికి 2010లో మొదటి థార్ వచ్చాయి.

ఈ చరిత్రలో కొనేవాళ్ళకు పనికొచ్చే విషయం ఒకటుంది. వీటిలో చాలా బళ్ళు టూ వీల్ డ్రైవ్‌వే. కమాండర్, మేజర్ ఎక్కువగా వెనక చక్రాలతోనే నడిచేవి. పాత జీపు చూడటానికి వెళ్తే బానెట్ ఎత్తకముందే ముందు బంపర్ కింద వంగి చూడండి. ముందు ఇరుసు మీద కుండలాంటి డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల పెట్టె), దాంట్లోకి వచ్చి చేరే ప్రొపెల్లర్ షాఫ్టు (శక్తిని మోసుకొచ్చే కడ్డీ), రెండూ కనిపించాలి. లోపల గేరు పక్కన రెండో లివర్ ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. కింద షాఫ్టు విప్పేసి పైన లివర్ వదిలేసిన బళ్ళు కూడా అమ్మకానికి వస్తాయి.

కొత్త బళ్ళలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 2023 జనవరిలో థార్‌లో వెనక చక్రాలతో మాత్రమే నడిచే రకం వచ్చింది. దాంట్లో 1.5 లీటర్ల డీజిల్ రకం, పొడవు 4 మీటర్ల లోపు, ఇంజన్ 1500 సీసీ లోపు కాబట్టి, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం జీఎస్టీలోకి వచ్చింది. 2.0 పెట్రోల్, 2.2 డీజిల్ ఇంజన్ల ఫోర్ బై ఫోర్ థార్‌కు 40 శాతం. జిమ్నీ 4 మీటర్ల లోపే అయినా దాని పెట్రోల్ ఇంజన్ 1462 సీసీ, పెట్రోల్‌కు పరిమితి 1200 సీసీ, కాబట్టి దానికీ 40 శాతమే. ధరలో తేడా చూసి టూ వీల్ డ్రైవ్ థార్ కొని తర్వాత ఫోర్ బై ఫోర్ చేయించుకుందాం అనుకోవద్దు. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు ఇరుసుకూ శక్తి మళ్ళించే గేర్ల పెట్టె), ముందు డిఫరెన్షియల్, యాక్సిల్ షాఫ్టులు, ఎలక్ట్రానిక్స్ అన్నీ మార్చాలి. ఖర్చు సంగతి పక్కన పెట్టినా, ఆర్సీకి, ఇన్సూరెన్సుకు ఆ మార్పు సరిపడదు.

ఫోర్ బై ఫోర్ నిజంగా చేసే పని

ఈ నాలుగూ పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్ బళ్ళే, అంటే నాలుగు చక్రాల శక్తిని అవసరమైనప్పుడు మనమే వేసుకోవాలి. 2హెచ్ అంటే రెండు చక్రాలు, 4హెచ్ అంటే నాలుగు చక్రాలు మామూలు గేర్లలో, 4ఎల్ అంటే నాలుగు చక్రాలు లో గేర్లలో. 2హెచ్‌లో వెనక చక్రాలు మాత్రమే లాగుతాయి. 4హెచ్, 4ఎల్‌లలో ముందు, వెనక షాఫ్టులు ఒకదానికొకటి బిగుసుకుంటాయి, మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే ఏదో ఒక చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారే వీలుండదు కాబట్టి ఆ ఒత్తిడంతా షాఫ్టుల్లో, గేర్లలో మెలిపడి కూర్చుంటుంది. స్టీరింగ్ బిర్రుగా మారుతుంది, బండి ఎగిరెగిరి తిరుగుతుంది, లివర్ 2హెచ్‌లోకి రానంటుంది. అప్పుడు లివర్‌తో కుస్తీ పట్టకండి. స్టీరింగ్ నిటారుగా పెట్టి నాలుగైదు మీటర్లు రివర్స్ చేయండి. మెలి విడిపోతుంది, లివర్ దానంతట అదే జారుకుంటుంది.

ఇక లాకు సంగతి. మామూలు డిఫరెన్షియల్ తేలిగ్గా తిరిగే చక్రానికే శక్తి వదిలేస్తుంది. ముందు ఇరుసులో ఒకటి, వెనక ఇరుసులో ఒకటి గాల్లోకి లేస్తే, బండి ఫోర్ బై ఫోర్ అయినా అక్కడే నిలబడి గింగిరాలు కొడుతుంది. దీనికి రెండు మందులున్నాయి. మొదటిది, తిరిగే చక్రానికి కంప్యూటరు బ్రేకు వేసి అవతలి చక్రానికి శక్తి పంపడం. జిమ్నీలో ఉన్నది ఇదే. పనిచేస్తుంది, కానీ ఒకటి రెండు క్షణాలు యాక్సిలరేటర్ వదలకుండా ఓపిక పట్టాలి. చక్రం తిరుగుతోందని భయపడి కాలు తీసేస్తే దానికి పని చేసే సమయం దొరకదు. రెండోది, రెండు చక్రాలనూ మెకానికల్‌గా బిగించేయడం. థార్‌లో వచ్చే వెనక మెకానికల్ లాకు రెండు చక్రాల వేగాల మధ్య నిమిషానికి సుమారు 100 చుట్ల తేడా రాగానే తనంతట తానే బిగుస్తుంది. వేగం పెరిగితే పనిచేయదు. గూర్ఖాలో ముందు, వెనక రెండింటికీ కంపెనీ నుంచే లాకులు వస్తాయి, వేసేది మీరే. రాళ్ళ మీద గూర్ఖాను మించిన బండి ఈ ధరలో లేదు. ముందు లాకు వేశాక మాత్రం స్టీరింగ్ తిప్పవద్దు. నేరుగా ఎక్కి, దాటగానే తీసేయాలి.

జిప్సీ: బండి చవక, శ్రద్ధ ఖరీదు

1985 డిసెంబరులో 970 సీసీ ఇంజన్‌తో వచ్చింది. 1996లో 1298 సీసీ ఇంజన్‌తో జిప్సీ కింగ్ అయింది, 2000లో కార్బొరేటర్ పోయి ఎంపీఎఫ్ఐ (ఇంజన్‌లోకి పెట్రోల్‌ను చిమ్మే పద్ధతి) వచ్చి 80 హార్స్ పవర్‌కు చేరింది. 2019 నాటికి మామూలు జనానికి అమ్మకం ఆగిపోయింది. ఎయిర్ బ్యాగులు, ఏబీఎస్ లేని డిజైన్ కొత్త భద్రతా నిబంధనలకు అందలేదు. బరువు ఒక టన్నుకు అటూ ఇటూ. ఈ ఒక్క అంకె వల్లే రేగడిలో, దమ్ము చేసిన పొలం పక్క గట్టున జిప్సీ ఇప్పటికీ రాజు. దిగబడినా నలుగురు కలిసి తోస్తే బయటికొస్తుంది.

కొంటే 2000 తర్వాతి ఎంపీఎఫ్ఐ కొనండి. చూడాల్సినవి ఇవి:

చిన్న సుత్తి పట్టుకెళ్ళి చాసిస్ మీద వెనక చక్రాల చుట్టుపక్కల, కమాన్ కట్టల బ్రాకెట్ల దగ్గర, బాడీ బోల్టుల కింద తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పుతిన్న చోట డబ్బామోత వస్తుంది, కొన్నిచోట్ల సుత్తి లోపలికే దిగుతుంది. కొత్తగా నల్ల రంగు దట్టంగా పూసి ఉంటే ఇంకా గట్టిగా అనుమానించండి. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలి తిన్న బళ్ళయితే ఈ పరీక్ష తప్పనిసరి.

ముందు చక్రాల వెనక, ఇరుసు చివర గుండ్రటి గుండులాంటి భాగం ఉంటుంది. దాని సీలు పోతే డిఫరెన్షియల్ ఆయిల్, గ్రీజు కలిసి నల్లటి జావలా కారుతుంది, టైరు లోపలి గోడకు అంటుకుని ఉంటుంది. సీలు ఒక్కటే అయితే చిన్న పనే. కానీ చాలాసార్లు లోపలి కింగ్ పిన్ బేరింగులు కూడా అరిగి ఉంటాయి. ముందు చక్రం జాకీ మీద లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి లోపలికి, బయటికి ఊపండి. టకటకమని ఆడితే బేరింగులు, షిమ్ములు (సందు సర్దే రేకులు) మార్చాలి. గంటకు 60, 70 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ గడగడా వణకడానికి అసలు కారణం చాలా బళ్ళలో ఇదే. అమ్మేవాళ్ళు ‘వీల్ బ్యాలెన్సింగ్ చేయిస్తే పోతుంది’ అంటారు. పోదు.

తర్వాత ఫ్రీ వీల్ హబ్బులు. ఇవి ఉన్న జిప్సీల్లో ముందు చక్రాల మధ్య తిప్పే బిళ్ళ ఉంటుంది. అది లాక్ మీద లేకపోతే లోపల లివర్ 4లో వేసినా ముందు చక్రాలకు శక్తి అందదు. మట్టిలో టెస్ట్ డ్రైవ్ చేసేటప్పుడు రెండు వైపులా మీరే తిప్పి చూడండి. ఏళ్ళ తరబడి వాడకపోతే బిగుసుకుపోతాయి. బురదలో దిగబడ్డాక ఆ బిళ్ళ తిరగకపోతే ఫోర్ బై ఫోర్ ఉండీ లేనట్టే.

లీటరుకు 8 నుంచి 10 కిలోమీటర్లు అనుకోండి. స్టీరింగ్ బరువు, కమాన్ కట్టల మీద నడుము అదురుతుంది, వెనక పక్కవాటు బెంచీలు పిల్లలకు క్షేమం కావు. ఇంట్లో ఉన్నది ఒక్కటే బండి అయితే జిప్సీ వద్దు. రెండో బండిగా, పది కిలోమీటర్లలో దాన్ని ఎరిగిన మెకానిక్ ఉంటే, ఇంత తృప్తినిచ్చే బండి మరొకటి లేదు.

జిమ్నీ: చిన్న ఇంజన్, తేలిక ఒళ్ళు

అయిదు తలుపుల జిమ్నీ 2023 జూన్ 7న వచ్చింది. 1.5 లీటర్ల పెట్రోల్, 105 పీఎస్ (హార్స్ పవర్ లాంటి కొలత) శక్తి, 134 ఎన్ఎమ్ లాగుడు, బరువు 1,200 కిలోల దగ్గర. ముందూ వెనకా జిప్సీలాగే రెండు చక్రాలనూ కలిపే ఒకే ముక్క ఇరుసులు, కాకపోతే కమాన్ కట్టల బదులు కాయిల్ స్ప్రింగులు. తడి రేగడిలో, సన్నటి చేల దారిలో దీనికి థార్ కూడా సరితూగదు. థార్ బరువు 1,700 కిలోల పైనే, వెడల్పూ ఎక్కువ. పెద్ద చెట్ల మధ్య దారుల్లో, గట్ల మీద ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఇంకో మేలు, దీని కే15బీ ఇంజన్ పాత ఎర్టిగా, సియాజ్, బ్రెజాల్లో వచ్చినదే. ఆయిల్ ఫిల్టరు, ప్లగ్గులు, సెన్సర్లు మండల కేంద్రంలో కూడా దొరుకుతాయి. ట్రాన్స్‌ఫర్ కేసు, ఇరుసు భాగాలు మాత్రం ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి.

లోటు చెప్పకుండా ఉండలేం. నలుగురు ఎక్కి, సామాను నిండి, ఏసీ వేసి అరకు ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తుంది, మూడో గేరు నుంచి రెండుకు దిగుతూనే ఉండాలి. ఆటోమేటిక్‌లో నాలుగే గేర్లు కాబట్టి హైవే మీద ఇంకా తెలుస్తుంది. మాన్యువల్ తీసుకోండి. సీట్లు నాలుగే. అయిదుగురి కుటుంబానికి ఇక్కడే లెక్క తేలిపోతుంది.

థార్: ఇంటికీ, అడవికీ కుదిరే రాజీ

రెండో తరం థార్ 2020 అక్టోబర్ 2న మార్కెట్లోకి వచ్చి, ఆ నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే ప్రమాద భద్రతా పరీక్షలో 4 స్టార్లు తెచ్చుకుంది. గ్రౌండ్ క్లియరెన్స్ 226 మి.మీ., నీళ్ళలో దిగే లోతు 650 మి.మీ., లో గేరు నిష్పత్తి (4ఎల్‌లో వేగం ఎన్ని రెట్లు తగ్గి లాగుడు పెరుగుతుందో ఆ లెక్క) 2.48. జిమ్నీకి అది 2.0 దగ్గర. అంటే నిటారు రాతి దిగుడులో బ్రేకు తొక్కకుండా ఇంజన్ పట్టు మీదే చీమలా దిగడం థార్‌కు సులువు.

డీజిలా, పెట్రోలా? నెలకు వెయ్యి కిలోమీటర్ల పైన, అదీ హైవే మీద తిరిగేవాళ్ళకు 2.2 డీజిల్. ఊళ్ళోనే రోజుకు అయిదారు కిలోమీటర్లు తిప్పేవాళ్ళు డీజిల్ జోలికి వెళ్ళొద్దు. బీఎస్6 డీజిల్‌లో పొగ మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే ఇంజన్ బాగా వేడెక్కి పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా పరుగెత్తాలి. అది జరగకపోతే మొదట డాష్‌బోర్డులో హెచ్చరిక దీపం వెలుగుతుంది, తర్వాత పవర్ తగ్గుతుంది, ఆఖరికి సర్వీస్ సెంటర్లో కూర్చోవాలి.

బుకింగ్ ఫారంలో వెనక మెకానికల్ లాకు ఉన్న రకమేనా అని రాయించుకోండి. అన్ని ఫోర్ బై ఫోర్ రకాల్లోనూ అది రాదు. కప్పు విషయంలో మా మాట హార్డ్ టాప్. గుడ్డ టాపు ఫొటోల్లో బాగుంటుంది, మే నెలలో రామగుండం ఎండకు, జులై వానకు బాగుండదు.

సెకండ్ హ్యాండ్‌లో 2020 సెప్టెంబర్ 7 నుంచి డిసెంబర్ 25 మధ్య తయారైన డీజిల్ థార్ దొరికితే, క్యామ్‌షాఫ్ట్ రీకాల్ పని పూర్తయిందో లేదో చాసిస్ నంబరుతో సర్వీస్ సెంటర్లో అడగండి. 2021 ఫిబ్రవరిలో కంపెనీ 1,577 బళ్ళను దీనికోసమే వెనక్కి పిలిచింది. 2010–2020 మధ్య పాత థార్ సీఆర్‌డీఈ (కామన్ రైల్ డీజిల్ రకం) కూడా మంచి లాగుడున్న బండే, 105 హార్స్ పవర్. కానీ ఎయిర్ బ్యాగులు లేవు, వెనక పక్కవాటు సీట్లు. ముందు చక్రాల దగ్గర యాక్సిల్ రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు చిమ్మిందేమో చూడాలి. బండిని రెండు అంగుళాలు ఎత్తించినవాళ్ళ దగ్గర ఈ బూట్లు త్వరగా పోతాయి. ముందు సస్పెన్షన్ ఇండిపెండెంట్ (ఒక్కో చక్రం విడిగా కదిలే రకం) కాబట్టి ఎత్తు పెరిగేకొద్దీ యాక్సిల్ వంపు ఎక్కువై రబ్బరు నలుగుతుంది. జిప్సీ, జిమ్నీలలో ఈ బాధ లేదు.

పెద్దవాళ్ళు వెనక సీట్లో కూర్చోవాల్సిన ఇల్లయితే మూడు తలుపుల థార్ వద్దు. ముందు సీటు మడిచి ఎక్కడం మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు నరకం. 2024 ఆగస్టులో వచ్చిన థార్ రాక్స్ చూడండి. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2450 నుంచి 2850 మి.మీ.కి పెరిగింది, అందుకే మిట్టల మీద పొట్ట తగులుతుంది. ఫోర్ బై ఫోర్ డీజిల్‌లోనే ఉంది.

గూర్ఖా: పని తెలిసినవాళ్ళ బండి

2021 నాటి గూర్ఖా 2.6 లీటర్ల డీజిల్‌తో 91 పీఎస్ మాత్రమే ఇచ్చేది, హైవే మీద లారీల వెనకే వెళ్ళాలి. 2024లో 140 పీఎస్, 320 ఎన్ఎమ్, 233 మి.మీ. క్లియరెన్స్, 18 అంగుళాల చక్రాలతో వచ్చింది. ఏడుగురు కూర్చునే అయిదు తలుపుల రకం కూడా ఉంది. ఇంజన్ వంశం ట్రావెలర్ వ్యాన్లదే. ట్రావెలర్లు బాగుచేసే షెడ్డు మీ ఊళ్ళో ఉంటే ఇంజన్ గురించి దిగులు అక్కర్లేదు. బాడీ బిగింపు, సీళ్ళు, ఇంటీరియర్ మాత్రం డెలివరీ రోజే పట్టి పట్టి చూడండి. నీళ్ళ పైపుతో తలుపుల మీద, అద్దాల అంచుల మీద అయిదు నిమిషాలు కొట్టించి లోపల మ్యాట్ ఎత్తి తడి ఉందేమో చూడండి. షోరూమ్ 100 కిలోమీటర్ల అవతల ఉంటే గూర్ఖా గురించి రెండుసార్లు ఆలోచించాలి.

టైరు గాలి, వాగు నీళ్ళు

ఏ బండి కొన్నా 12 వోల్టుల కంప్రెసర్, గేజ్ వెంటనే కొనండి. అలంకారపు లైట్లు తర్వాత. ఇసుకలో థార్, గూర్ఖాలకు 16–18 పీఎస్ఐ, జిమ్నీ, జిప్సీలకు 14–15. బురదలో 18–20. గాలి తగ్గిస్తే టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, బరువు పంచుకుంటుంది. ఆ గాలితో వేగం గంటకు 30 దాటనివ్వకండి, మలుపులు మెల్లగా తిప్పండి, లేదంటే ట్యూబ్‌లెస్ టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. తారెక్కే ముందు మళ్ళీ నింపాలి.

వాగు దాటాక చేయాల్సిన పని చాలామంది మరిచిపోతారు. వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్ళలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని, బ్రీదర్ అనే గాలి గొట్టం నుంచి నీళ్ళను లోపలికి పీలుస్తుంది. రెండు రోజుల్లో డిఫరెన్షియల్ బోల్టు కాస్త వదులు చేసి ఆయిల్ చుక్క చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే వెంటనే మొత్తం మార్చాలి. వదిలేస్తే బేరింగులు, లోపలి క్రౌన్ గేరు పోతాయి. స్నార్కెల్ (ఇంజన్‌కు గాలిని ఎత్తు నుంచి పీల్చే గొట్టం) ఇంజన్‌ను కాపాడుతుందే కానీ ఇరుసును కాపాడదు. అడుగు కనిపించని వాగులో, మోకాలు దాటిన ప్రవాహంలో ఏ బండినీ దించొద్దు.

కాగితాలు

ఢిల్లీ ప్రాంతంలో పాత బళ్ళ మీద వయసు పరిమితులు ఉండటంతో అక్కడి జిప్సీలు దక్షిణాదికి చవకగా వస్తుంటాయి. ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) చేతికి రాకముందు డబ్బు మొత్తం ఇవ్వొద్దు. తర్వాత పేరు మార్పుకు ఫారాలు 29, 30, లోను ఉంటే దాన్ని కొట్టేయించడానికి 35. 15 ఏళ్ళు దాటితే ఫిట్‌నెస్ చేయించి అయిదేళ్ళకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించాలి, గ్రీన్ టాక్స్ కట్టాలి. పంజాబ్, హర్యానా షెడ్లలో కొత్తగా కట్టించి పాత ఆర్సీ తగిలించిన ఓపెన్ జీపుల జోలికి పోవద్దు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చిన బండిని రిజిస్టర్ చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. చాసిస్ నంబరు మీద పెన్సిల్‌తో రుద్ది కాగితం మీదికి తీసి, ఆర్సీతో ఒక్కో అంకె సరిచూడండి. అంకెల చుట్టూ గ్రైండర్ గీతలు కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి.

ఇక ఎంపిక. ఒకే బండి, అయిదుగురి ఇల్లు, నెలకోసారి అడవి: రాక్స్ ఫోర్ బై ఫోర్, ఇద్దరు ముగ్గురే అయితే లాకున్న డీజిల్ థార్. చేలు, రేగడి, సన్న దారులు రోజూ ఉంటే జిమ్నీ మాన్యువల్. ఏడాదికి రెండుసార్లు లడాఖ్ లాంటి దూరపు కొండదారులు, సామాను, రాళ్ళు ఉంటే అయిదు తలుపుల గూర్ఖా. ఇంట్లో ఇంకో కారు ఉండి, ఆదివారం చేతులకు గ్రీజు అంటించుకోవడం ఇష్టమైతే జిప్సీ. టెస్ట్ డ్రైవ్‌లో మాత్రం తారు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చేయకండి. దగ్గర్లో మట్టి దిబ్బ ఉన్న చోటికి తీసుకెళ్ళమని అడగండి. బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, 4ఎల్ వేసి, మొదటి గేరులో పెడల్స్ మీద నుంచి కాళ్ళు రెండూ తీసేసి, బండిని దిబ్బ మీద నుంచి దానంతట అదే కిందికి దిగనిచ్చి చూడండి. తర్వాత రివర్స్‌లో అదే దిబ్బ ఎక్కించండి. బరువు, గేరు, స్టీరింగ్ మూడూ ఆ పది నిమిషాల్లో తెలిసిపోతాయి.